ఎజ్రా పెక్ మిల్లుకి వెళ్ళాడు

దడి దాటేముందు లోర్నా హాస్కిన్స్ చేతి గడియారం విప్పి సొరుగులో పెడుతుంది. ఫోను, కారు తాళాలు, చదువుకునే కళ్ళద్దాలు కూడా అందులోనే. పెళ్ళి ఉంగరం ఒక్కటీ ఉంచుకోవచ్చు. నున్నటి బంగారు ఉంగరాలు 1838లోనూ ఉండేవి, దాని జోలికి ఎవరూ రారు. టోపీ నాడాలు గడ్డం కింద ముడేసుకుని, బుట్ట చంకన పెట్టుకుని దడి దాటిందంటే ఇక ఆమె లోర్నా కాదు, హల్దా పెక్. పీపాలు చేసే ఎజ్రా పెక్ భార్య. అసలు హల్దా, అసలు ఎజ్రా చర్చి వెనక దిబ్బ మీద పక్కపక్కనే పడుకుని ఉన్నారు. వాళ్ళు కాపురం చేసిన ఇల్లు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, దాని పొయ్యిలో నిప్పు రాజేయడానికి శనివారం శనివారం లోర్నా వస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన, ఏటి ఒడ్డున అలాంటి ఇళ్ళు ఓ డజను దాకా ఉన్నాయి, పాతకాలం బతుకెలా ఉండేదో టికెట్టు కొని వచ్చిన జనానికి చూపించడానికి అలాగే అట్టిపెట్టినవి. మే నెలలో తలుపులు తీస్తారు, అక్టోబరు వెళ్ళాక మంచు పడేలోపు వేస్తారు. అక్కడ వేషం కట్టేవాళ్ళకి జీతం లేదు, కాఫీ కూడా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నియమం మాత్రం ఒకటుంది. దడి లోపల ఉన్నంతసేపూ అది 1838, ఆ తర్వాత లోకంలో ఏం జరిగిందో నీకు తెలియదు. నెత్తిమీద విమానం పోతే తలెత్తకూడదు. ఎవరైనా ముఖం ముందు ఫోను పెడితే ఆ నల్లపలక ఏమిటో అర్థం కానట్టు చూడాలి. వేషం కట్టేవాళ్ళలో ఎవరైనా ఒక రోజు రాకపోతే, జ్వరమనో మనవరాలి పుట్టినరోజనో చెప్పడానికి లేదు. ఆ మనిషి 1838లోనే ఎక్కడికో వెళ్ళి ఉండాలి. కమ్మరి రాలేదంటే గుర్రాన్ని బేరమాడడానికి వెళ్ళాడు. పంతులమ్మ రాలేదంటే వాళ్ళక్కకి పురుడు. ఏం చెప్పినా తర్వాత దానికి కట్టుబడి ఉండాలి, ఎందుకంటే చూడ్డానికొచ్చిన జనం మర్చిపోరు.

ఒకసారి లోర్నా మొగుడు మెర్ల్‌కి ఫ్లూ పట్టుకుని ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాడు. అతనే ఎజ్రా. "ఎక్కడమ్మా మీ ఆయన?" అని అడిగినవాళ్ళకి లోర్నా, "వాళ్ళ తమ్ముడి ఇంట్లో నుయ్యి తవ్వడానికి వెళ్ళాడు" అని నోటికొచ్చింది చెప్పేసింది. ఆ సంగతి మొగుడితో అనడం మర్చిపోయింది. తర్వాతి వారం ఎవరో వచ్చి, "నూతిలో నీళ్ళు పడ్డాయా?" అని మెర్ల్‌ని అడిగారు. మెర్ల్ రెప్ప కూడా వేయలేదు. "బురద పడింది. మా తమ్ముడు ఏది మొదలుపెట్టినా అంతే" అని చేతిలో ఉన్న చెక్క చిత్రిక పట్టుకుంటూ కూర్చున్నాడు. లోర్నా పొయ్యి వైపు తిరిగి, నవ్వు ఆపుకోలేక బీన్సు కుండ మీద మూత ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి తంటాలు పడింది.

ఈ వేషాల పిచ్చి ముందు పట్టుకున్నది మెర్ల్‌కే. పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దే ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఊరికే కూర్చోలేదు. వంటింటి అలమరలోని డబ్బాలన్నీ పిన్‌కోడ్ల వరసలో పెట్టినట్టు సర్దాడు. ఉప్పు కోసం వెతికి వెతికి విసుగెత్తిన లోర్నా, "ఎక్కడికైనా వెళ్ళు మెర్ల్, నీకు పుణ్యముంటుంది" అంది. వెళ్ళాడు. మోకాళ్ళ దాకా లాగూ, పొడుగు మేజోళ్ళు వేసుకుని తిరిగొచ్చాడు. లోర్నా గడపలో కూలబడి నవ్వింది. స్కూలు క్యాంటీన్లో ఏళ్ళ తరబడి వందలమంది పిల్లలకి వండిపెట్టిన మనిషి ఆమె, అంత తొందరగా నవ్వే రకం కాదు. "అక్కడ నీకూ పనుంది. ఎజ్రాకి పెళ్ళాం లేదు, పొయ్యి చల్లగా ఉంది" అన్నాడు మెర్ల్. కనిపెట్టుకుని ఉందామని వెళ్ళింది, అలాగే ఉండిపోయింది.

ఎజ్రా వేషంలో మెర్ల్ తొడుక్కునే చేతుల్లేని కోటు లోర్నా అప్పుడు కుట్టిందే. గోధుమరంగు ఉన్ని గుడ్డ, లోపల నార అస్తరు, మొత్తం చేతి కుట్టే. అక్కడి బట్టలన్నిటికీ ట్రూడీ పెత్తనం. ఆవిడ ఎవరి బట్టయినా తిరగేసి లోపలి కుట్టు చూసిగానీ లోపలికి పంపదు. మిషను కుట్టు ఒక్క జానెడు కనబడ్డా విప్పిస్తుంది. "బయట ఎవరికీ కనబడదు కదా ట్రూడీ!" అని ఒకసారి కమ్మరి మొత్తుకుంటే, "నాకు కనబడుతుంది" అంది. అలాంటి ట్రూడీ కళ్ళు కప్పి మెర్ల్ ఒక పని చేశాడు. బొడ్డు దగ్గరి గుండీ ఒకనాడు ఊడింది, లోర్నా ఊళ్ళో లేదు. తన మొరటు వేళ్ళతో తానే కుట్టుకున్నాడు, చేపలు పట్టే నైలాను దారంతో. గుండీ వంకరగా కూర్చుంది. మళ్ళీ ఊడితే ఒట్టు. లోర్నా చూసి తల బాదుకుంది గానీ విప్పలేదు. అప్పట్నుంచి ట్రూడీ ఎదురుపడినప్పుడల్లా మెర్ల్ పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడేవాడు.

ఆ మెర్ల్ ఫిబ్రవరిలో పోయాడు. వాకిట్లో మంచు తీస్తూ తీస్తూ పార మీదే వాలిపోయాడు. అంత్యక్రియలకి కమ్మరి, పంతులమ్మ, ట్రూడీ అందరూ మామూలు బట్టల్లో వచ్చారు, ఆ బట్టల్లో వాళ్ళెవరో లోర్నాకి చప్పున గుర్తు రాలేదు. ఆమె ఏడవలేదు. దానికి ఊళ్ళోవాళ్ళు గట్టి మనిషని పేరు పెట్టారు. గట్టీ లేదు, మెత్తా లేదు. ఆమెకి ఆ మాట నోటికి రాలేదు, అంతే. చెల్లెలు ఫోన్ చేస్తే "మెర్ల్ ఇక్కడ లేడు" అనేది. బ్యాంకులో అమ్మాయి అడిగితే, "ఆ కాగితంలో ఉంది చూడు" అంది. చచ్చిపోయాడు అనే మాట చిన్నదే, ప్రపంచంలో అందరూ అనేదే. లోర్నా మాత్రం దాన్ని తప్పించుకుని పక్కదారిన పోయేది.

మే నెలలో తలుపులు తీసినప్పుడు ఆమె రాదనుకున్నారు. వచ్చింది. నిప్పు రాజేసింది. మధ్యాహ్నం ఓ కుటుంబం గుమ్మంలోకొచ్చి, "పీపాల షెడ్డు తాళమేసుందేంటి? మీ ఆయన లేడా?" అని అడిగారు. లోర్నా పిండి కలుపుతున్న చెయ్యి ఆపలేదు. నాలుక దానంతటదే తిరిగింది.

"మిల్లుకెళ్ళాడు. పీపాలు బండికెత్తుకుని వెళ్ళాడు. చీకటి పడేలోగా వచ్చేస్తాడు."

అన్నాక గుండె ఒక్కసారి తేలికైంది. దడి బయట మెర్ల్ లేడు. దడి లోపల ఆలస్యమయ్యాడు, అంతే. ఆలస్యమైనవాణ్ణి తిట్టుకోవచ్చు, వాడి వాటా రొట్టె మీద గుడ్డ కప్పి ఉంచవచ్చు. ఆ రోజు రెండు పళ్ళేలు పెట్టింది. తర్వాతి శనివారమూ పెట్టింది. తోటివాళ్ళకి సంగతి అర్థమైంది, ఎవరూ ఏమీ అనలేదు. పైగా కమ్మరి ఆ దారిన పోతూ, "వంతెన దగ్గర బురదగా ఉందంట హల్దా, బళ్ళు కదలడం లేదు" అని చెప్పి మరీ పోయేవాడు. పట్నం నుంచి మిసెస్ గ్రాంజర్ అనే ముసలావిడ, ఏడాదికి సరిపడా టికెట్టు కొనుక్కున్న మనిషి, వారం వారం చేతికర్ర ఊపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేది. "వచ్చాడా మీ ఆయన?" "లేదమ్మా, మిల్లు దగ్గరే ఉన్నాడు." "మగాళ్ళని మిల్లుకి పంపకూడదే తల్లీ, అక్కడ కబుర్లకి కూర్చుంటే వాళ్ళకి కొంప గుర్తుండదు" అని బుగ్గలు నొక్కుకుని వెళ్ళిపోయేది. ఆవిడకి తెలుసో తెలియదో ఎవరికీ తెలియదు.

అలా వేసవి మొత్తం ఎజ్రా పెక్ మిల్లు దగ్గరే ఉన్నాడు.

సెప్టెంబరు చివర్లో ట్రూడీ వచ్చి పొయ్యి పక్క బల్ల మీద కూర్చుంది. అప్పటికి జనం పల్చబడ్డారు. ట్రూడీ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, వేషంలోంచి బయటికొచ్చింది.

"లోర్నా, అక్టోబరులో ఆపిల్ రసం పండగ. పీపాలు చేసేవాడు లేకుండా రసం ఎందులో పోస్తాం?"

"కుండల్లో పొయ్యండి."

"నీతో పెట్టుకోలేను. చూడు, డ్వైట్ అని ఒకాయన వచ్చాడు. పాలలారీ నడిపి రిటైరయ్యాడు. మంచివాడు, అడ్డమైన ప్రశ్నలు వెయ్యడు. ఎజ్రాగా ఆయన్ని వేద్దామనుకుంటున్నాం."

లోర్నా నిప్పులు ఎగదోసింది. "ఎజ్రా మిల్లుకెళ్ళాడు."

"మే నెలలో వెళ్ళాడు! ఆ మిల్లునేమైనా పెళ్ళి చేసుకున్నాడా?" అనేసి ట్రూడీ నాలుక కరుచుకుంది. "దిబ్బ మీద రాయి చూశావుగా. ఎజ్రా పెక్ ముసలివాడయ్యేదాకా బతికాడు. హల్దాకి మొగుడు ఉండాలి లోర్నా. నీ సంగతి నాకు తెలియక కాదు" అంది. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఆ కోటు కూడా తీసుకురా. అది ఇక్కడిది."

అది నిజమే. బట్టలు ఎవరు కుట్టినా బట్టల గదివి. మనిషి మానేస్తే కడిగి తిరిగివ్వాలి, దాన్ని విప్పి మరో ఒంటికి సరిచేస్తారు. లోర్నా కట్టుకున్న గౌను కూడా అలా ఇద్దరి ఒంటి మీంచి వచ్చిందే. ఆ పద్ధతిని ఆమె ఇన్నేళ్ళూ మెచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ కోటు మడతపెట్టి బుట్ట అడుగున పెట్టుకునేది, పైన రొట్టెల గుడ్డ కప్పేది, సాయంత్రం అలాగే ఇంటికి మోసుకుపోయేది. "తెచ్చావా?" అని ట్రూడీ అడిగితే, "అయ్యో, మర్చిపోయాను" అనేది. లోర్నాకి అబద్ధాలు చేతకావు. దడి లోపల చెప్పేవి ఆమె లెక్కలో అబద్ధాలు కావు, అది వేరే సంగతి.

పండగకి వారం ముందు శనివారం డ్వైట్ పని నేర్చుకోవడానికి వచ్చాడు. మనిషి తాడిచెట్టులా ఉన్నాడు. గుమ్మం పైకమ్మికి నుదురు కొట్టుకుని, "సారీ" అని కమ్మికే చెప్పాడు. మేజోళ్ళు పిక్కల సగానికే అందాయి. కోటు లేదు కాబట్టి ఉత్త చొక్కాతో నిలబడ్డాడు. 1838లో అలా నిలబడితే లోపలి బట్టలతో నిలబడ్డట్టే లెక్క. ఆ సంగతి తెలియని డ్వైట్ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు, తెలిసిన లోర్నాకి అటు చూడ్డానికి సిగ్గేసింది. ఆ సిగ్గుకి కారణం తన బుట్టలోనే ఉందని కూడా ఆమెకి తెలుసు.

"నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"పెరట్లో కట్టెలు కొట్టు. ఎవరైనా ఎవరని అడిగితే పాలేరునని చెప్పు."

డ్వైట్ మారు మాట్లాడకుండా గొడ్డలి తీసుకుని వెళ్ళిపోయాడు. ఎంత మంచివాడో అంత ఒళ్ళు మండింది లోర్నాకి.

మధ్యాహ్నం తిరగకముందే ఓరిన్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మెడ లోపలికి లాక్కుని నడిచే అలవాటు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. రెండో చేతిలో గుడ్డలో చుట్టింది ఏదో ఉంది.

"పెక్ అమ్మగారూ, గుర్తున్నానా? ఓరిన్‌ని, కిందటేడు వచ్చాను. ఎజ్రాగారితో గరిట మొదలుపెట్టాను." గుడ్డ విప్పాడు. సగం చెక్కిన చెక్క గరిట. కాడ నున్నగా ఉంది, గుంట ఇంకా తీయలేదు. "ఆయన కాడ చేయించి, మిగతాది వచ్చే ఏడు చేద్దామన్నారు. షెడ్డుకి తాళమేసుంది, ఎక్కడికైనా వెళ్ళారా?"

లోర్నాకి గుర్తొచ్చాడు. కిందటి అక్టోబరులో వాన పడుతున్నప్పుడు మెర్ల్ షెడ్డులో బల్ల మీద పొద్దుపోయేదాకా కూర్చున్న మనిషి. మెర్ల్ ఆ రాత్రి కారులో, "వాడు పొద్దుట్నుంచీ నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. ఎందుకొచ్చాడో నేనూ అడగలేదు. కత్తి చేతికిచ్చాను" అన్నాడు.

"మిల్లుకెళ్ళాడు" అంది లోర్నా. అలవాటైన మాట, జారిపోయింది. "చీకటి పడేలోగా వచ్చేస్తాడు."

మామూలుగా ఆ మాట విన్నవాళ్ళు నవ్వి, "సరే, అడిగామని చెప్పండి" అని పక్కింటికి పోతారు. ఓరిన్ పోలేదు.

"అయితే ఉంటాను" అన్నాడు. షెడ్డు ముందున్న బల్ల మీద కూర్చుని గరిట ఒళ్ళో పెట్టుకున్నాడు.

లోర్నా లోపలికొచ్చి బీన్సు కుండ కలిపింది. కలపక్కర్లేదు, అయినా కలిపింది. కిటికీలోంచి బల్ల కనబడుతూనే ఉంది. పోతాడులే, కాసేపు కూర్చుని విసుగొచ్చి పోతాడు. జనం వచ్చారు, పోయారు. వెన్న ఎలా తీస్తారో ఎవరికో చూపించింది. మళ్ళీ తొంగిచూస్తే ఓరిన్ జేబులోంచి ఆపిల్ తీసి తింటున్నాడు. బండి చప్పుడైతే చాలు, మెడ సాచి దారి వైపు చూస్తున్నాడు. ఆ చప్పుడు పిల్లల్ని తిప్పే గుర్రబ్బండిది. ప్రతిసారీ చూస్తాడు, ప్రతిసారీ మళ్ళీ గరిట వైపు తల దించుకుంటాడు. వేసవంతా తను చేసిన పని అదే. వేరే మనిషి చేస్తుంటే చూడ్డం ఇదే మొదటిసారి.

ఆగలేక బయటికి వెళ్ళింది.

"బాబూ, చలిగా ఉంది. ఆయనకి ఆలస్యమవుతుందేమో. మరో రోజు రావచ్చుగా?"

"పర్లేదమ్మా. నాకీరోజు పని లేదు." కాసేపు గరిట కాడ తిప్పాడు. "కిందటేడు నేనొచ్చింది మా అమ్మని మట్టి చేసిన మర్నాడు. ఇంట్లో ఉండలేక ఎటో బయల్దేరాను, ఇక్కడ తేలాను. ఎజ్రాగారు ఏమీ అడగలేదు. మీకు తెలుసా, అందరూ అడుగుతారు. ఆయన అడగలేదు. సాయంత్రం నాకు లేవబుద్ధి కాలేదు. ఆయన కత్తి తీసుకుని, 'తొందరేముంది, వచ్చే ఏడు రా. గరిటా ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను' అన్నారు." సిగ్గుపడుతూ నవ్వాడు. "ఏడాదంతా దీన్ని బండిలోనే పెట్టుకున్నాను. గుంట నేను తీస్తే పాడుచేస్తానని ముట్టుకోలేదు."

లోర్నా నోరు తెరిచింది. "బీన్సు మాడుతున్నాయి" అని లోపలికి వచ్చేసింది. మాడడం లేదు.

పెరటి గుమ్మంలో డ్వైట్ చెమట తుడుచుకుంటున్నాడు. కట్టెలు నడుమెత్తు పేర్చాడు. కిటికీలోంచి బల్ల వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"ఆయన ఎవరికోసం కూర్చున్నాడండీ?"

"ఎజ్రా కోసం."

డ్వైట్‌కి అన్నీ తెలుసు, ట్రూడీ చెప్పే పంపింది. తల గోక్కున్నాడు. "నన్ను వెళ్ళి చెప్పమంటారా?" అన్నాడు. ఆ గొంతులో జాలి ఉంది, చనువు లేదు.

"వద్దు. నువ్వు చెప్పకు" అంది లోర్నా. అన్నాక అర్థమైంది, అంటే తను చెప్పాలని.

మూసేవేళ చర్చి గంట కొట్టారు. చూడ్డానికొచ్చినవాళ్ళంతా దడి దాటాలి. తల్లులు పిల్లల్ని పోగేసుకుంటున్నారు. లోర్నా పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి బయటికొచ్చింది. ఓరిన్ లేచి టోపీ పెట్టుకుంటున్నాడు. ముఖంలో విసుగు లేదు, నమ్మకం చెక్కుచెదరలేదు. అదే ఆమెని చంపేసింది.

"రాలేదు కదమ్మా. వంతెన దగ్గర బురదని కమ్మరాయన అన్నారు. పోనీ, గేటు బయట నా బండిలో కూర్చుంటాను. చీకటి పడేదాకా ఉంటాను. ఆయన అటే వస్తారుగా?"

లోర్నా అతని చెయ్యి పట్టుకుంది. దడి లోపల, టోపీ నెత్తిన ఉండగా, చుట్టూ జనం ఉండగా, అన్నేళ్ళలో మొదటిసారి వేషంలోంచి బయటికొచ్చింది.

"ఓరిన్, ఉండకు. ఆయన మిల్లుకి వెళ్ళలేదు. నా మొగుడి పేరు మెర్ల్. చచ్చిపోయాడు. ఫిబ్రవరిలో, మంచు తీస్తూ చచ్చిపోయాడు."

అంతే. అనేసింది. ఎదురింటి గుమ్మంలో పంతులమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఓరిన్ టోపీ మళ్ళీ తీశాడు. లోర్నా బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, పెద్దగా, చూసేవాళ్ళు ఏమనుకుంటారో అనే ధ్యాస లేకుండా ఏడ్చింది. ఓరిన్ పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆమెకి తెలుసు.

చాలాసేపటికి అతను, "నేను రాగానే నన్ను పంపేస్తే సరిపోయేదిగా" అన్నాడు.

"పంపించాలనే చూశాను. నువ్వు కదిల్తేగా!"

ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది. ఓరిన్ గరిట గుడ్డలో చుట్టబోయాడు. లోర్నా లాక్కుని చూసింది. కాడ మీద మెర్ల్ బాల్‌పెన్ను గీత ఉంది. 1838లో బాల్‌పెన్ను ఉండేది కాదు, ట్రూడీ చూస్తే గొడవ.

"డ్వైట్!" అని కేకేసింది. డ్వైట్ కమ్మి కింద వంగి బయటికొచ్చాడు. "నీకు చెక్కపని వచ్చా?"

"రాదండీ. నాకొచ్చింది లారీ ఒక్కటే."

"ఓరిన్‌కి కాడ చెయ్యడం వచ్చు, నీకంటే నయం. గుంట ఎలా తియ్యాలో మెర్ల్ చెయ్యగా నేను చూశాను. వచ్చే శనివారం ఇద్దరూ రండి. పాడైతే పాడైంది, ముగ్గురం కలిసి పాడుచేద్దాం." బుట్టలోంచి రొట్టెల గుడ్డ తీసింది, దాని కిందనుంచి కోటు తీసింది. డ్వైట్ ఎదుట నిలబడి భుజాలకి ఆనించింది. నడుము దగ్గర జానెడు పొట్టి. "ఒళ్ళు పెంచావు గానీ ఏం లాభం! సరే, అడుగున గుడ్డ అతికిస్తాను."

ఆ వారమంతా లోర్నా వంటింటి బల్ల మీద ఆ కోటు పెట్టుకుని కూర్చుంది. పక్క కుట్లు విప్పింది, అస్తరు సాగదీసింది, గోధుమరంగు ఉన్నిలో మిగిలిన ముక్క ఎక్కడో దాచింది వెతికి పట్టుకుని అడుగున అతికింది. గుండీలన్నీ జరిపి కుట్టింది, ఒక్కటి తప్ప. ఒకటి రెండుసార్లు సూది దిగబడి వేలికి రక్తం వచ్చింది. మధ్యలో చెల్లెలు ఫోన్ చేసింది. "ఏం చేస్తున్నావే?" అంటే, "మెర్ల్ పోయాడు కదా, ఆయన కోటు వేరేవాళ్ళకి సరిచేస్తున్నాను" అంది.

పండగ పొద్దున ట్రూడీ కోటు తీసుకుని అలవాటు ప్రకారం తిరగేసింది. కుట్టు వెంట వేలు పోనిచ్చింది. బొడ్డు దగ్గరి వంకర గుండీ వెనక ఆగింది. నైలాను దారం ఎండకి తళుక్కుమంది. ట్రూడీ బొటనవేలితో ఆ దారాన్ని ఒకసారి రాసి, కోటు మళ్ళీ తిరగేసి, డ్వైట్ చేతికిచ్చింది.

"బాగుంది. తొడుక్కోండి" అంది.

ఏటి ఒడ్డున ఆపిల్ గానుగ తిరుగుతోంది. ఊరంతా తియ్యటి వాసన. షెడ్డు తాళం తీసి ఉంది. బల్ల మీద ఒక చివర ఓరిన్, రెండో చివర డ్వైట్ కూర్చుని గరిట మీద తలలు వంచారు. అప్పటికే డ్వైట్ వేలికి గుడ్డ కట్టుంది. లోర్నా గుమ్మంలో నిలబడి, "అటు కాదు, ఇటు తిప్పు! చెక్క ఎటు సాగితే కత్తి అటు పోవాలి" అని ఇద్దర్నీ తిడుతోంది.

మిసెస్ గ్రాంజర్ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. వేసవంతా అడిగినట్టే నోరు తెరవబోయి, షెడ్డులోకి చూసి ఆగింది. కోటు చూసింది. ఆ కోటులోని పొడుగాటి మనిషిని కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత లోర్నా ముఖంలోకి చూసింది, ఈసారి చూపు చాలాసేపు నిలిపింది.

"వచ్చాడా మీ ఆయన?" అని మెల్లగా అడిగింది.

"వచ్చాడమ్మా" అంది హల్దా పెక్. "ఇప్పుడే వచ్చాడు. దారి బాగోలేదట."

"కాస్త పొడుగైనట్టున్నాడే!"

"మిల్లు తిండి" అంది లోర్నా. పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఒకటే పళ్ళెం తీయబోయి ఆగి, డ్వైట్‌కి కూడా ఆకలేస్తుంది కదా అని రెండోది కూడా తీసింది.